పలకని ఘాటు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మానుకోట మార్కెట్ యార్డు ఎర్రబారుతుంది. తేజ మిర్చి బస్తాలు బారులు తీరుతాయి. కాంటాల దగ్గర హమాలీలు తుమ్ముతూనే మూటలెత్తుతుంటారు. కేసముద్రం నుంచి కురవి దాకా ఏ కళ్లం చూసినా కాయ ఆరుతూ కనిపిస్తుంది. ఆ ఎరుపును ఫొటో తీయని విలేకరి లేడు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మిర్చి అందంతో నాకు పేచీ లేదు. సరిగ్గా అదే రోజుల్లో, అదే పట్టణంలో, కిరాణా దుకాణం మెట్ల మీద మూతి విప్పి నిలబెట్టిన ఇంకో గోనె సంచి వైపు ఎవరూ తలతిప్పి చూడరు. నా పేచీ అక్కడే. ఆ సంచిలో ఉండేది కొత్త ఎల్లిగడ్డ.

ఎల్లిగడ్డను పొగిడినవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లంతా పొగిడింది వండినదాన్ని. తాలింపులో చిటపటలాడినదాన్ని, తొక్కులో నానినదాన్ని, మాంసం ముక్కకు అంటుకున్నదాన్ని. నేను మాట్లాడదలచింది వండనిదాని గురించి. ఎండకాలంలో కొని తెచ్చి, బుట్టలో పోసి, గాలి తగిలేచోట వేలాడదీశాక నెలల తరబడి తన మానాన తానుండే ఎల్లిగడ్డ గురించి. ఇంటి సామానులో ఇంత నిండైన అందం ఉన్న వస్తువు ఇంకోటి నాకు కనిపించలేదు. ఆ అందమంతా అది నిలువ ఉండే తీరులోనే ఉంది.

ఒక గడ్డను అరచేతిలోకి తీసుకుని చూడండి. తెలుపు అంటాం గానీ అది తెలుపు కాదు. పై పొర మీద వంగపండు రంగు ఈనెలు అడుగు నుంచి మెడ దాకా సన్నగా పాకి ఉంటాయి. ఈనెకూ ఈనెకూ మధ్య లేత గోధుమ వర్ణం. వెలుతురుకు ఎదురుగా పెడితే పొర వెనక పాయల వంపులు నీడల్లా తెలుస్తాయి. బొటనవేలితో మెల్లగా రాస్తే పొర గరగరమంటుంది. ఈ చప్పుడు ముఖ్యం, తర్వాత మళ్లీ చెప్తాను. మెడ దగ్గర కాడ ఎండి, ముడుచుకుని, మూతిని తనే బిగించుకుంది. అడుగున వేళ్లు రాలిపోయి చిన్న బిళ్ల మిగిలింది. పది, పన్నెండు పాయలు ఆ బిళ్లను ఆనుకుని, ఒకదాని వీపు ఒకదానికి ఒరిగి, మధ్యలో సందు లేకుండా కూర్చున్నాయి. ఏ రెండు పాయల ఆకారమూ ఒకటి కాదు. పక్కదాని వంపును బట్టి తన వంపు తీర్చుకుంది ప్రతిదీ.

ఈ కట్టడంలో ఉన్న పొరలన్నీ ఒకప్పటి ఆకులే. పొలంలో పచ్చగా నిలబడిన ఆకుల అడుగు భాగాలు పంట ముదిరాక ఎండి కాగితమయ్యాయి. ప్రతి పాయా ఒక మొగ్గ. దాన్ని బిగించి పట్టిన గట్టి పొట్టు ఒక ఆకు. తెల్లటి కండ ఇంకో ఆకు. ఆహారం దాచుకోవడానికి బలిసిన ఆకు అది. ఆ కండ నడుమ వెంట్రుకంత లేత మొలక ఉంటుంది, అందులో మరికొన్ని ఆకులు చుట్టుకుని పడుకుని ఉంటాయి. చచ్చిన ఆకు బయట, బలిసిన ఆకు లోపల, పుట్టబోయే ఆకు గర్భంలో. మూడు కాలాలను గుప్పెట్లో పట్టేంత చోట పేర్చిన శిల్పి పనితనానికి వంక పెట్టగలిగిన విమర్శకుడు ఎవరైనా ఉంటే రమ్మనండి.

వాసన సంగతి ఇంకా విచిత్రం. బాగా నిలువ ఉన్న ఎల్లిగడ్డల బుట్ట దగ్గర ముక్కు పెడితే దాదాపు ఏమీ రాదు. ఎండుగడ్డి వాసన, కాస్త మట్టి వాసన, అంతే. ఊరంతా గుప్పుమనే ఘాటు ఎక్కడుంది మరి? నిజానికి ఆ ఘాటు ఇంకా పుట్టలేదు. పాయ లోపల అల్లీన్ అనే పదార్థం ఒక అరలో, దాన్ని మార్చే అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో అరలో ఉంటాయి. మధ్య గోడ ఉన్నంతకాలం రెండూ మౌనంగా ఉంటాయి. రోకలి దెబ్బ పడి గోడ పగిలిందా, క్షణాల్లో రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. మన నాలుక మండించేది, కూరను నిలబెట్టేది అదే. 1944లో కావలీటో, బెయిలీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేసి చూపించారు.

తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరంలో ఆనందవర్ధనుడు కావ్యం అసలు రుచి పైకి పలికిన మాటలో లేదని, ఆ మాట తోపించే అర్థంలో ఉందని వాదించి అలంకారశాస్త్రాన్ని మలుపు తిప్పాడు. ఆయన ధ్వనికి ఉదాహరణగా శ్లోకాలు ఎంచుకున్నాడు. మానుకోటలో పుట్టి ఉంటే ఎల్లిగడ్డను ఎంచుకునేవాడని నా నమ్మకం. బుట్టలో ఉన్నంతసేపూ అది ఘాటును పలకదు, తోపింపజేస్తుంది. నిలువ పెట్టడం అంటే ఆ పలకనితనాన్ని చెడకుండా కాపాడడమే. వంటింట్లో ఎల్లిగడ్డ వాసన వస్తోందంటే బుట్టలో ఎక్కడో ఒక గడ్డకు దెబ్బ తగిలింది, లేదా ఒకటి కుళ్లుతోంది. వెతికి తీసెయ్యాలి. వాసన రావట్లేదంటే అంతా క్షేమం.

కాలంతో దీని పొత్తు ఇంకో అందం. మిర్చి మనది, ఎల్లిగడ్డ మాత్రం చాలా వరకు బయటిది. మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, నీమచ్, రత్లాం వైపు నల్లరేగడుల్లో అక్టోబర్, నవంబర్ నెలల్లో పాయ నాటుతారు. చలికాలమంతా పెరిగి, ఎండలు ముదిరేలోపు గడ్డ తీస్తారు. రత్లాం జిల్లా రియావన్ ఎల్లిగడ్డకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అది దిగివచ్చేసరికి ఇక్కడ మిర్చి ఎండి గిర్నికి సిద్ధంగా ఉంటుంది. ఆ వెనకే మామిడికాయ. మూడూ ఒకేసారి కలవడం వల్లనే తెలంగాణ తొక్కుకు ఆ రుచి. ఇందులో మన ప్రమేయం ఏమీ లేదు, రుతువు కుదిర్చిన సంబంధమిది.

ఏడాది సరుకు కొనేవాళ్లకు ఈ రెండు నెలలే అదను. దుకాణం ముందు జరిగే పరీక్ష చూడముచ్చటగా ఉంటుంది.

"గట్టిగున్నయా అన్నా? మొన్న తీస్కపోయినయి పక్షం రోజులకే మొలకలొచ్చినయి."

"అవి పాతయి అక్కా. ఇవి కొత్తయి. మెడ ఒత్తి సూడు, నీరుంటే నాకే వాపస్ ఇయ్యి."

ఆమె ఒత్తి చూస్తుంది. మెడ మెత్తగా నొక్కుకుపోతే అది ఇంకా ఆరలేదన్నమాట, తేమ లోపలికి దారి తెరిచే ఉంది. గట్టిగా, పుల్లలా ఉంటే ఆరింది. తర్వాత నాలుగు గడ్డలను దోసిట్లో ఆడించి వింటుంది. నేను ఇందాక చెప్పిన గరగర ఇదే. బాగా ఆరిన గడ్డల చప్పుడు పొడిగా, తేలికగా ఉంటుంది. పచ్చిగా ఉన్నవి మొద్దుగా తగులుతాయి. పైపొర ఊడి, పాయలు విడిపోయినదాన్ని పక్కకు నెడుతుంది. నొక్కుకుపోయినదాన్ని ఏరేస్తుంది. సంగీత కచేరీకి వెళ్లి తంబురా శ్రుతి సరిగా ఉందో లేదో మొదటి నిమిషంలో కనిపెట్టే శ్రోతల్ని చూశాను. ఎల్లిగడ్డ కొనే ఆడవాళ్ల చెవి అంతకు తక్కువేమీ కాదు. 2024 ఫిబ్రవరిలో కిలో 400 రూపాయలు దాటినప్పుడు కొనేది పావుకిలో అయినా ఈ పరీక్ష మాత్రం ఆగలేదు.

ఇంటికి తెచ్చాక చేసేది చాలా తక్కువ. ఆ తక్కువలోనే కళంతా ఉంది. గడ్డలను సంచిలోనే ఉంచకుండా చాటలోనో, పాత చీర మీదో నీడన రెండు మూడు రోజులు పరుస్తారు. నడి ఎండలో పడేస్తే లోపలి కండ ఉడికిపోతుంది. పచ్చగా, పారదర్శకంగా మైనంలా తయారవుతుంది, అది ఇక దేనికీ పనికిరాదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ వేడిగాలి చాలు. మృగశిర చినుకులు పడేలోపు మెడలన్నీ పుల్లలైపోవాలి. వానాకాలమే దీనికి అసలు గండం. గాలిలో తేమ పెరిగినప్పుడు ఆరని మెడలోంచి బూజు దిగుతుంది. పొట్టు కింద నీలి, ఆకుపచ్చ పొడి కనిపించిందంటే ఆ గడ్డ పని అయిపోయింది. పక్కవాటికి అంటకముందే తీసి పారెయ్యాలి.

పాత పెంకుటిళ్లలో దీని చోటు వాసాల నుంచి దిగిన ఉట్టి. కాడలతోనే దొరికితే నాలుగైదు గడ్డలు కలిపి జడగా అల్లి దూలానికి కట్టేవాళ్లు. కట్టెల పొయ్యి వేడి, పొగ పైకి పోతూ పోతూ వాటిని తాకేవి, తేమను తాగేసేవి. పూట పూటకూ పొయ్యి వెలిగినంతకాలం నిలువ గురించి వేరే ఆలోచన అక్కర్లేకపోయింది. ఆ గోడకు మసి, ఆ మసి మీద తెల్లటి గడ్డల గుత్తి. రంగుల పొందిక గురించి చిత్రకారులకు పాఠం చెప్పాలంటే నేను అక్కడికే తీసుకెళ్తాను. ఫ్రాన్స్‌లో లాత్రెక్ అనే ఊరివాళ్లు గులాబీ రంగు ఎల్లిగడ్డను ఇలాగే కాడలతో గుత్తులు కట్టి అమ్ముతారు. 1966లో దానికి ఆ దేశపు నాణ్యత ముద్ర కూడా తెచ్చుకున్నారు. మన ఉట్టికి ముద్ర వేసేవాళ్లు లేరు, అంతే తేడా.

పెంకుటిళ్లు డాబాలయ్యాయి, పొయ్యి గ్యాసు స్టవ్ అయింది. అయినా సూత్రం మారలేదు. గాలి ఆడాలి, తేమ ఉండకూడదు, నేరుగా ఎండ తగలకూడదు. వెదురు బుట్ట, ఇనుప తీగల బుట్ట, జాలి సంచి, గోడలకు చిల్లులున్న మట్టికుండ, ఏదైనా సరే. పొయ్యికీ సింకుకూ దూరంగా, కిటికీ గాలి తగిలే మూల చాలు. ఆలుగడ్డల మీద మాత్రం పోయవద్దు. అవి ఊపిరి తీసినప్పుడు వదిలే తేమ దీనికి పడదు. గడ్డను విడగొట్టకుండా గడ్డగానే ఉంచాలి. అవసరమైన రోజు అవసరమైనన్ని పాయలే ఒలుచుకోవాలి. పాయ విడిపోయిన క్షణం నుంచి దాని లెక్క మారిపోతుంది. బిళ్ల నుంచి విడివడిన చోట ఒక గాయం ఉంటుంది, నీరు ఆవిరయ్యేది అక్కడి నుంచే.

ప్లాస్టిక్ కవరు గురించి నేను మెత్తగా రాయలేను. ఎల్లిగడ్డ ప్రాణమున్నది, ఊపిరి తీస్తుంది. కవరులో మూతి బిగించి పెడితే ఆ ఊపిరిలోని తేమ లోపలే చుక్కలు కడుతుంది, అవి పొట్టు మీదే రాలతాయి. మొదట కాగితపు గరగర పోతుంది. పొర చేతికి అతుక్కుంటుంది. ఆ తర్వాత బూజు. ఇంత కష్టపడి ఆరిన వస్తువును దాని ఊపిరితోనే ముంచేయడం లాంటి మొరటుతనం ఇంకోటి లేదు.

ఫ్రిజ్ కథ ఇంకా సూక్ష్మమైనది. చల్లగా ఉంటే నిలువ ఉంటుందని అందరి నమ్మకం. చాలా పండ్ల విషయంలో నిజమే. ఎల్లిగడ్డకు చలి అంటే నిలువ కాదు, కబురు. నాటిన పాయకు చలికాలం వచ్చిందని, ఇక లేవమని చెప్పేది చలే. ఇంట్లో ఫ్రిజ్ లోపల ఉండే నాలుగు నుంచి పది డిగ్రీల చల్లదనం సరిగ్గా ఆ కబురు మోసేది. పెద్ద శీతల గిడ్డంగులు సున్నా దగ్గరో, ఇంకా కిందో ఉంచి, గాలి తేమను కూడా అదుపులో పెట్టి ఆ మొలకను ఆపుతాయి. మన ఫ్రిజ్‌కు ఆ శక్తి లేదు. అందుకే దానిలో పెట్టిన గడ్డ బయటికి రాగానే మొలకెత్తుతుంది. మేల్కొలుపు పాడి, ఎందుకు లేచావని కోప్పడ్డట్టుంది మన పని.

ఆ మేల్కొలుపు ఎంత దూరం వచ్చిందో చూడడం ఒక ముచ్చట. పాయను నిలువునా కోయండి. వేసవిలో కొత్తదాని నడుమ మొలక అడుగునే చిన్న చుక్కలా ఉంటుంది. దసరా, దీపావళి దాటాక సగం ఎత్తు వస్తుంది. సంక్రాంతికి పాయ కొన తాకుతుంది. కండ ఎత్తులో మొలక ఎంత వంతు ఉందో కొలిచి శాస్త్రజ్ఞులు నిద్ర లోతును లెక్కగడతారు. మన చాకుతో కూడా అదే లెక్క తెలుస్తుంది. మంద్‌సౌర్‌లో చేలు నాటే రోజుల్లో మానుకోటలో బుట్టలో ఉన్న పాయ లేవడానికి ఒళ్లు విరుచుకుంటుంది. మట్టి లేదు, నీరు లేదు, అయినా దానికి నెల తెలుసు. పచ్చ మొలక వచ్చినదాన్ని పారేసేవాళ్లున్నారు. అది విషం కాదు, కాస్త చేదు, అంతే. ఆ మొలక తీసేసి కండ వాడుకోవచ్చు. లేదంటే ఒక కుండీలో గుచ్చితే పది రోజుల్లో ఎల్లి ఆకు వస్తుంది, పప్పులో వేస్తే కమ్మగా ఉంటుంది.

చలిలో ఉన్న ఎల్లిగడ్డ ఒక్కచోట మాత్రం కావ్యమైంది, ఒప్పుకోవాలి. ఉత్తర చైనాలో చాంద్రమానపు చివరి నెలలో చల్లబడిన పాయలను వెనిగర్‌లో వేస్తే కొద్ది రోజుల్లో మరకతం రంగుకు తిరుగుతాయి. లాబా ఎల్లిగడ్డ అంటారు దాన్ని. మనింట్లో కూడా ఫ్రిజ్ పాయ నూరి నిమ్మరసం పిండినప్పుడు ముద్ద నీలాకుపచ్చగా మారితే హడలిపోనక్కర్లేదు, అదే రసాయనం. తినవచ్చు.

పాలకుర్తి సోమన, బమ్మెర పోతన పుట్టిన నేల ఇక్కడికి దగ్గరే, జనగామ వైపు. సంస్కృతపు బరువు పక్కనపెట్టి జాను తెనుగుకు పట్టం కట్టిన సోమనను తలుచుకున్నప్పుడల్లా నాకు రోట్లో ఎల్లిపాయ కారం గుర్తుకొస్తుంది. ఎండుమిర్చి, ఉప్పు, జీలకర్ర ముందు నలిగి, ఆఖరున పొట్టుతో సహా పాయలు పడతాయి. కచ్చాపచ్చాగా నాలుగు పోట్లు, అంతే. మెత్తగా నూరితే రుచి చెడుతుంది. నెలల తరబడి నోరు మెదపకుండా ఉన్నది ఆ నాలుగు పోట్లలో నోరు విప్పుతుంది. జొన్నరొట్టె మీద, మక్క గట్కలో, బాలింతకు వేడి అన్నంలో, ఎక్కడైనా అదే గొంతు. సీసాల్లో అమ్మే అల్లం ఎల్లిపాయ ముద్దలో ఈ గొంతు ఉండదు. అది దుకాణానికి చేరకముందే తన మాట చెప్పేసుకుంది. పనికి పరుగెత్తేవాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, వాడేవాళ్లను తప్పుపట్టను. రుచి విషయంలో మాత్రం రాజీ పడలేను.

ఇక నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచే సంగతి. మనం సాగు చేసే ఎల్లిగడ్డకు విత్తనం కట్టదు. ఎప్పుడైనా పూత వచ్చినా గింజ నిలవదు. పాయనే నాటాలి. ఏప్రిల్‌లో తీసిన పంటలోంచి అక్టోబర్ దాకా ఎవరో ఒకరు కొన్ని గడ్డలను చెడకుండా దాచి ఉంచితేనే వచ్చే ఏడు పంట. అలా దాచడం తెగకుండా సాగింది కాబట్టే ఈ మొక్క మనదాకా వచ్చింది. 1922లో తెరిచిన ఈజిప్టు రాజు టుటాంఖమున్ సమాధిలో ఎల్లిగడ్డలు దొరికాయి. మూడు వేల ఏళ్ల కిందట ఎండిన గడ్డలు, ఎడారి పొడిగాలిలో ఆకారం చెడకుండా. 1890లో హామిల్టన్ బోవర్ అనే సైనికాధికారి మధ్య ఆసియాలోని కుచాలో సంపాదించిన, తాళపత్రాల్లా కత్తిరించిన సంస్కృత భూర్జపత్రాల్లో ఎన్నో శ్లోకాలు ఎల్లిగడ్డ మహిమ మీదే ఉన్నాయి. చలికాలంలో ఇళ్ల గుమ్మాలకు ఎల్లిగడ్డ దండలు కట్టి పండగ చేసుకోవడం గురించి కూడా అందులో ఉంది. దూలానికి జడ అల్లి కట్టిన మానుకోట ఇల్లాలికి ఆ పుస్తకం సంగతి తెలియదు. ఆమె చేసిందీ, అందులో ఉన్నదీ ఒకే పని. కార్తీకంలో దీన్ని ముట్టని ఇళ్లు, ఎప్పుడూ గడప దాటనివ్వని ఇళ్లు కూడా మన మధ్యే ఉన్నాయి. ఆ నిషేధం కూడా ఒకరకంగా దీని శక్తిని గుర్తించడమే.

ఒక్క హెచ్చరిక లేకుండా ఈ పొగడ్త ముగించలేను. ఒలిచిన పాయలను నూనెలో ముంచి బయట నిలువ పెట్టడం అందంగా కనిపిస్తుంది, గాజు సీసాలో మరీనూ. కానీ గాలి అందని ఆ నూనెలో, పులుపు లేనిచోట, బొటులిజం కలిగించే సూక్ష్మజీవి పెరుగుతుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఇలాంటి సీసా వల్లే ఒక హోటల్‌లో తిన్న చాలామంది ఆ జబ్బు పడ్డారు. మన తొక్కులో ఉప్పు, మామిడి పులుపు దండిగా ఉంటాయి కాబట్టి దాని సంగతి వేరు. ఉత్త నూనెలో మాత్రం పెట్టవద్దు. ఒలిచినవి మిగిలితే మూత డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచి నాలుగైదు రోజుల్లో వాడేయండి, ఒలిచినదానికి ఫ్రిజ్ తప్పదు. ఒలవనిదాన్ని వెదురు బుట్టలో గాలికి వదిలేయండి. ఇప్పటికే ఫ్రిజ్‌లో ఉన్న గడ్డలను మాత్రం ఆ బుట్టలో కలపకండి. వాటిని ఈ వారమే వండుకోండి. ఒకసారి చలి తగిలిన గడ్డ బయట పెట్టినా ఇక నిద్రపోదు.